కిటికీ తెరిచే ఉండాలి, పురుగు రాకూడదు అంటే

మీరు అడిగింది ఇదీ. భీమవరం దగ్గర పల్లెలో ఇల్లు. ఒక పక్క వరి చేలు, ఇంకో పక్క చేపల చెరువులు. కింది అంతస్తు మీ నాన్నగారు కట్టించినది, టేకు కిటికీలు, ఇనప ఊచలు. పై అంతస్తు మీరు వేయించినది, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ కిటికీలు, మెష్‌తో సహా వచ్చాయి. సాయంత్రం అన్నీ మూసేస్తే ఉక్క, తీస్తే దోమలు. మెష్ ఉన్న పై అంతస్తులో కూడా తెల్లారేసరికి గోడల నిండా పురుగే. మెష్ ఇంకా సన్నది వేయించాలా, లేకపోతే ఏసీ పెట్టించుకుని కిటికీలు మూసేసుకోవాలా అన్నది మీ ప్రశ్న.

ప్రస్తుతానికి రెండూ వద్దండి. నేను తణుకు, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల కిటికీ మెష్‌ల పని చేస్తాను. "మెష్ ఉన్నా దోమలొస్తున్నాయి" అని పిలిచిన ఇళ్లలో మెష్ కన్నంలోంచి దూరుతున్న ఇల్లు చాలా అరుదు. దూరేది పక్కనుంచి. మెష్ ఫ్రేముకీ కిటికీకీ మధ్య, కిటికీకీ గోడకీ మధ్య, ట్రాక్ కింద నీళ్లు పోయే కన్నంలోంచి, లేదంటే అసలు కిటికీతో సంబంధం లేని చోటునుంచి. అక్కడ సన్న మెష్ వేయిస్తే గాలి తగ్గుతుంది, దోమ మాత్రం తగ్గదు.

షాపుల్లో 18×16 అని అడిగితే ఇచ్చే మామూలు మెష్‌లో అంగుళానికి ఒక వైపు 18 కన్నాలు, ఇంకో వైపు 16 ఉంటాయి. కన్నం వెడల్పు 1.1 నుంచి 1.3 మిల్లీమీటర్లు. మంచానికి కట్టే దోమతెర కన్నం కూడా దాదాపు ఇంతే. రెక్కలు, కాళ్లతో సహా దోమ ఇందులోంచి పట్టదు. అంటే మీ ఇంట్లో ఈ కన్నం కంటే వెడల్పైన సందు ఎక్కడుందో అదే దోమల వీధి గుమ్మం. దాన్ని వెతకాలి ముందు.

వెతకడం కష్టమేమీ కాదు. కింది అంతస్తుకైతే రాత్రి గదిలో లైటు వేసి, కిటికీ మీరు రోజూ ఎలా ఉంచుకుంటారో అలాగే ఉంచి, బయటికెళ్లి చీకట్లో నిలబడి చూడండి. మెష్ మొత్తం మసగ్గా వెలుగుతుంది. దాని అంచున ఎక్కడైనా గీత గీసినట్టు తెల్లగా వెలుగు కనబడితే అది సందు. పై అంతస్తుకి తిరగేసి చేయండి: మిట్టమధ్యాహ్నం తలుపు మూసి, గది వీలైనంత చీకటి చేసి, లోపలినుంచి అంచులు చూడండి. సందు కనబడ్డ చోట ఏటీఎం కార్డు పెట్టి చూడండి. కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. ఒక్క కార్డే బిగుతుగా వెళ్తే పర్వాలేదు. రెండు కార్డులు కలిపి దూరాయంటే ఆ సందు మెష్ కన్నం కంటే పెద్దదన్నమాట. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

ఇక పై అంతస్తు. స్లైడింగ్ కిటికీలో రెండు అద్దం రెక్కలు, ఒక మెష్ రెక్క ఉంటాయి. మెష్ రెక్క సగం కిటికీనే కప్పుతుంది, మిగతా సగం అద్దమే కప్పాలి. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఏ అద్దాన్ని జరపాలన్నదే ఎవరూ చెప్పరు, ఫిట్ చేసే కుర్రాళ్లకి కూడా చాలామందికి తెలియదు.

మెష్‌ని ఆనుకుని ఉన్న ట్రాక్‌లోని అద్దాన్ని దగ్గర అద్దం అనుకుందాం, దాని అవతలి ట్రాక్‌లోది దూరం అద్దం. దగ్గర అద్దాన్ని కుడి చివరికి, మెష్‌ని ఎడమ చివరికి పెట్టండి. ఇప్పుడు ఈ రెండూ కలిసి కిటికీ మొత్తాన్ని కప్పేశాయి. రెండింటి నిలువు పట్టీలు మధ్యలో ఒకదాని మీదికి ఒకటి వచ్చి, మధ్యనున్న కుచ్చు పట్టీ, అంటే బ్రష్, ఆ సందుని మూసేస్తుంది. ఇక గాలి కోసం దూరం అద్దాన్ని మాత్రమే జరపండి. పావు తీసినా, సగం తీసినా, పూర్తిగా తీసినా పురుగుకి దారి లేదు.

అలా కాకుండా మెష్‌ని కుడికి తెచ్చి, దగ్గర అద్దాన్ని ఎడమకి సగం దాకా జరిపి వదిలేశారనుకోండి. అద్దం నిలువు పట్టీ మెష్ పట్టీ దగ్గరనుంచి తప్పుకుంది. ఇప్పుడు మెష్ పట్టీకి ఎదురుగా ఉన్నది ఉత్త అద్దం. అద్దం ఎప్పుడూ పట్టీ కంటే లోతుగా ఉంటుంది కాబట్టి బ్రష్ దానికి అందదు. అక్కడ పైనుంచి కింది దాకా చిటికెనవేలు పట్టేంత సందు తెరుచుకుంటుంది. లోపలనుంచి చూస్తే మెష్ వేసే ఉంది, ఎక్కడా చిరగలేదు, కానీ దోమలు వరసగా వస్తూనే ఉంటాయి. దగ్గర అద్దాన్ని కదపక తప్పకపోతే చివరిదాకా నెట్టేయండి, పట్టీలు మళ్లీ కలుస్తాయి. కొన్ని రకాల ప్రొఫైల్స్‌లో (రెక్క చేసే పట్టీల్లో) బ్రష్ ఒక వైపే ఉంటుంది, అందుకని మొదటి పద్ధతే ఖాయం. ఇంట్లో పిల్లలకీ పనివాళ్లకీ గుర్తుండాలంటే దూరం అద్దం హ్యాండిల్ మీద నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టండి, చుక్క ఉన్నదే జరపాలని చెప్పండి. ఇది సరిచేశాక మీ పై అంతస్తు బాధ చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.

అప్పటికీ గీతలు కనిపిస్తే ఆ బ్రష్ చూడాలి. షాపులో వూల్ పైల్ అంటారు. పట్టీలో ఒక గాడిలో కూర్చుని ఉంటుంది. మన చెరువు గట్ల దుమ్ముకి నాలుగైదేళ్లలో అది నలిగి, మట్టి పట్టి, చదునై పోతుంది. పాత ముక్క రెండంగుళాలు కోసి షాపుకి పట్టుకెళ్లండి. వెడల్పుతో పాటు ఎత్తు కూడా సరిపోవాలి. పొట్టిదైతే సందు మిగులుతుంది, పొడుగుదైతే రెక్క జరగదు. మెష్ రెక్క ఒక పక్కకి ఒరిగి ఉంటే పైన మూసుకుని కింద తెరుచుకుని పొడుగాటి ముక్కోణం సందు వస్తుంది. దానికి బ్రష్ మార్చక్కర్లేదు. రెక్క అడుగున చక్రం దగ్గర స్క్రూ ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పితే ఆ మూల లేస్తుంది లేదా దిగుతుంది. గోడ పక్క పట్టీకి సమానంగా ఆనేదాకా తిప్పండి.

ట్రాక్ అడుగున బయట వైపు పొడుగాటి చిన్న కన్నాలుంటాయి, వాననీళ్లు పోవడానికి. చీమలు, చిన్న పురుగులు వాటిలోంచి వస్తాయని కొందరు ఎంసీల్‌తో మూసేస్తారు. మొదటి తుఫానుకే నీళ్లు గదిలోకి వచ్చేస్తాయి. మూయకండి. బయటనుంచి మెష్ ముక్క చిన్నది సిలికాన్‌తో అంటించండి, చుట్టూ మాత్రమే, మధ్యలో కాదు. లేదా వాటికి ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి, నీళ్లు తోస్తే తెరుచుకుని మళ్లీ పడిపోయేవి.

కింది అంతస్తు టేకు కిటికీలు ఇంకో కథ. నిజానికి వీటి మీద పని చేయడం నాకు ఇష్టం, ఎందుకంటే చెక్కకి మేకైనా స్క్రూ అయినా పట్టు ఉంటుంది. వీటిలో రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, మధ్యలో ఊచలు, కాబట్టి మెష్ లోపలి వైపే రావాలి. ఇక్కడే అందరూ తొందరపడి మెష్‌ని బిగించి పారేస్తారు. తరవాత వాన వస్తే రెక్క ఎలా మూస్తారు? చెయ్యి ఊచల మధ్యలోంచి బయటికి వెళ్లాలి కదా, మధ్యలో మెష్ అడ్డం. ఇక మెష్ మూల ఒకటి చింపి చెయ్యి పెట్టడం మొదలవుతుంది. అక్కడితో దాని పని అయిపోయినట్టే.

వెల్క్రో మెష్ చవక, మీరే వేసుకోవచ్చు. అద్దె ఇంటికి, రోజూ మూసే పని లేని కిటికీకి బాగానే ఉంటుంది. కానీ వెల్క్రో పట్టీ వెనకనున్న జిగురు మన ఎండకి, అందులోనూ పడమటి కిటికీల మీద, ఒక్క వేసవిలో కరిగి జారుతుంది. డిస్టెంపర్ వేసిన గోడ మీదైతే రంగుతో సహా ఊడొస్తుంది. చెక్క కిటికీకైతే ఒక ఉపాయం ఉంది: జిగురు మీదే వదిలేయకుండా గరుకు పట్టీని స్టేప్లర్ గన్‌తో అరచెయ్యంత ఎడానికి ఒక పిన్ను చొప్పున చెక్కకి కొట్టేయండి. అప్పుడు ఆగుతుంది.

రోజూ తెరిచి మూసే కిటికీలకి మాత్రం బందుల మీద తిరిగే మెష్ తలుపే వేయించండి, అల్యూమినియం ఫ్రేముదైనా, టేకు చట్రందైనా. పాత కిటికీ ఎప్పుడూ సరిగ్గా మూలమట్టంలో ఉండదు. మేస్త్రీ వచ్చి వెడల్పు, ఎత్తు మాత్రమే కొలిచి వెళ్లిపోతే ఒప్పుకోకండి. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, మూలనుంచి మూలకి రెండు వైపులా కొలవాలి. మూల కొలతలు రెండూ కలవకపోతే కిటికీ ఒరిగిందని అర్థం. అప్పుడు మెష్ ఫ్రేముని కిటికీ లోపల ఇరికించకూడదు, చట్రం ముఖం మీద చుట్టూ అరంగుళం ఆనేలా పెద్దది చేయించాలి. ఆనే చోట మెత్తని రబ్బరు పట్టీ అంటిస్తే వానాకాలంలో చెక్క ఉబ్బినా, వేసవిలో కుంచించుకుపోయినా అదే సర్దుకుంటుంది. మూయడానికి ఒక్క అయస్కాంతం క్యాచ్ చాలదు, పైన ఒకటి, కింద ఒకటి పెట్టించండి. నాలుగడుగుల రెక్కకి మధ్యలో ఒకటే పెడితే మూలలు లేచిపోతాయి.

అల్యూమినియం ఫ్రేములో మెష్ ఎక్కించే పని కాస్త దగ్గరుండి చూడండి. ఫ్రేము చుట్టూ గాడి ఉంటుంది. మెష్‌ని దాని మీద పరిచి, రబ్బరు బీడింగ్‌ని చిన్న చక్రంతో గాడిలోకి నొక్కుతారు. చూడ్డానికి బిగుతుగా, చప్పుడయ్యేలా ఉండాలని కొందరు మెష్‌ని గట్టిగా లాగి బీడింగ్ నొక్కేస్తారు. పొడుగాటి పట్టీలు రెండూ మధ్యలో లోపలికి విల్లులా వంగుతాయి. వర్క్‌షాపులో బల్ల మీద ఉన్నప్పుడు తెలియదు. కిటికీకి పెట్టాక నాలుగు మూలలూ ఆనుతాయి, నడిమి భాగంలో రెండు కార్డులు దూరేంత సందు. బిగించాక ఫ్రేము పొడుగు పట్టీకి ఒక తిన్నని స్కేలో, అల్యూమినియం ముక్కో ఆనించి చూడండి. వంగితే అక్కడే విప్పించి మళ్లీ వేయించండి, ఇంటికొచ్చాక ఎవరూ తిరిగి రారు.

ఇంకో మాట, పాత ఇళ్లలో కిటికీ చట్రానికీ గోడకీ మధ్య సున్నం రాలి పగులు ఉంటుంది. అందులోంచి దోమ రావడం తక్కువే కానీ, చీమలు, బొద్దింకలు, మట్టిగూళ్లు కట్టే కందిరీగలు అక్కడే కాపురం పెడతాయి. మెష్‌కి ముందు దాన్ని పూడ్చండి.

మెష్ ఏది అంటారా? మీకు ఫైబర్ గ్లాస్ చాలు, నలుపు రంగుది తీసుకోండి. తెల్లది, బూడిద రంగుది వెలుతురికి మెరిసి బయట కనబడనివ్వవు, నల్లదానిలోంచి చూపు బాగా పోతుంది. ఎలకలున్న వైపు, అంటే చేను వైపు కింది కిటికీలకీ వంటింటికీ, స్టీలు మెష్ వేయించండి. ఫైబర్‌ని ఎలక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. స్టీలులో 304 రకం మీ ఊరికి సరిపోతుంది. నరసాపురం దాటి సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు మాత్రం 316 అడగాలి, లేకపోతే ఉప్పు గాలికి గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఇనప జాలీకి గాల్వనైజ్డ్ పూత ఉన్నా మన తేమకి ఎక్కువకాలం ఆగదు, ఆ డబ్బు దండగ.

ఇప్పుడు మీ గోడల మీది పురుగు సంగతి. మీరు దోమలన్నారు, కానీ చెరువుల పక్క ఇళ్లలో గోడల మీద వందల్లో కనిపించేవి చాలాసార్లు దోమలు కావు. చేపల చెరువు అడుగు బురదలో ఎర్రటి సన్నని పురుగులుంటాయి, రైతులకి తెలుసు. అవి పెరిగి రెక్కలొచ్చి బయటికొస్తే అచ్చం దోమలాగే ఉంటాయి. దగ్గరికెళ్లి చూడండి: కుట్టే సూది మూతి లేదు, గోడ మీద వాలినప్పుడు ముందు కాళ్లు పైకెత్తి పెడతాయి, మగవాటికి ఈక లాంటి మీసాలు. కుట్టవు. వీటికి కాయిల్ వెలిగించి ప్రయోజనం లేదు, అవి వచ్చేది మీకోసం కాదు, లైటు కోసం. కోతల ముందు వచ్చే పచ్చ దీపపు పురుగులు, తొలకరికి వచ్చే ఉసుళ్లు కూడా ఇదే జాతి బుద్ధి.

కుట్టే దోమ అలా కాదు. అది మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, ఒంటి వేడి, చెమట వాసన పట్టుకుని వస్తుంది. లైటు ఆర్పి పడుకున్నా వస్తుంది. అందుకే నీలం లైటు వెలిగే కరెంటు పెట్టెలు కొని గదిలో పెట్టుకుంటే, పొద్దున్న ట్రేలో కుప్పగా పురుగులు కనిపిస్తాయి గానీ వాటిలో కుట్టేవి తక్కువే. రాత్రి మీకు దద్దుర్లు వచ్చాయా, గోడ మీద పురుగు మాత్రమే ఉందా, ఇది ముందు తేల్చుకోండి. రెండోదైతే సగం పని ఎలక్ట్రీషియన్‌ది.

పురుగుల కళ్లకి తెల్లటి, నీలం పాలు ఎక్కువున్న వెలుగు బాగా కనబడుతుంది. బయట గేటు దగ్గర, కిటికీ పైన సన్‌షేడ్ కింద ఉన్న తెల్ల ఎల్‌ఈడీలు తీసేసి పసుపు రంగువి, డబ్బా మీద 2700 లేదా 3000 కె అని ఉన్నవి పెట్టండి. పూర్తిగా ఆగవు, తగ్గుతాయి, తేడా మీకే తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం లైటు ఎక్కడుందన్నది. కిటికీ పక్కనే బయట లైటు ఉంటే ఊళ్లో పురుగుల్ని పిలిచి మెష్ మీద కూర్చోబెట్టినట్టే. దాన్ని ఇంటికి దూరంగా, ప్రహరీ గోడ మూలకి మార్చండి. లోపల గదిలో ట్యూబ్‌లైట్ కిటికీకి ఎదురు గోడ మీద ఉంటే వెలుగు నేరుగా బయటికి పోతుంది. కిటికీ ఉన్న గోడకే పైన పెట్టించుకుంటే బయటికి కనబడదు.

ఉసుళ్లు వచ్చే రోజు వేరే. తొలి గట్టి వాన పడ్డ మర్నాడో, ఆ సాయంత్రమో, చీకటి పడగానే మొదలై గంటా గంటన్నరలో అయిపోతుంది. ఆ గంటసేపు కిటికీలున్న గదుల్లో లైట్లు ఆర్పి, పెరట్లో ఒక బల్బు వేలాడదీసి, కింద నీళ్లు పోసిన బేసిను పెట్టేయండి. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వాటిని వేయించి బొరుగుల్లో కలుపుకుని తినేవాళ్లు, అందుకని బేసిను పెట్టడంలో పోటీ ఉండేది. ఇప్పుడు ఆ ఓపిక ఎవరికీ లేదు, పొద్దున్నే రెక్కలు ఊడ్చుకోవడమే మిగిలింది.

మెష్ వేశాక గాలి తగ్గిందని అందరూ అంటారు, నిజమే. లెక్కవేస్తే 18×16 మెష్‌లో ఖాళీ జాగా మూడింట రెండు వంతులు మాత్రమే, మిగతాది దారమే. అందుకే ఇంకా సన్న మెష్ వద్దంటున్నాను. కానీ గాలి రాకపోవడానికి ఎక్కువ ఇళ్లలో కారణాలు రెండు. ఒకటి దుమ్ము. మెష్ మీద చెయ్యి రుద్దితే వేలికి నల్లగా అంటిందంటే కన్నాలు సగం పూడుకున్నట్టే. రెండు నెలలకోసారి మెష్ రెక్క ఊడదీసి సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్‌తో కడగండి. ప్రెషర్ పంపుతో కొట్టకండి, బీడింగ్ లేచిపోతుంది. రెండోది, గాలి బయటికి పోయే దారి లేకపోవడం. గదికి ఒక్క కిటికీయే తెరిచి తలుపు మూసుకుంటే పైరగాలి ఎంత వీచినా లోపలికి రాదు. దక్షిణం కిటికీ తెరిస్తే ఉత్తరం వైపు ఇంకోటి తెరిచి ఉండాలి, మధ్యలో తలుపులు తీసి ఉండాలి. మీ కింది అంతస్తులో పాత వెంటిలేటర్లు ఉంటాయి, చాలామంది దోమల భయంతో వాటికి అట్టముక్కలు కొట్టేస్తారు. ఉక్కకి అసలు కారణం అదే. వేడిగాలి పోయేది పైనుంచే. అట్టలు పీకేసి మెష్ కొట్టించండి, వెంటిలేటర్ రోజూ తెరిచి మూసేది కాదు కాబట్టి అక్కడ చవక పని చాలు.

మంచం మీద ఫ్యాను కూడా దోమకి మంచి అడ్డమే. దోమ చాలా నెమ్మదిగా ఎగురుతుంది, గంటకి రెండు, రెండున్నర కిలోమీటర్లు దాటడం కష్టం, ఫ్యాను గాలికి నిలవలేదు. మన ఊపిరి వాసనని కూడా ఫ్యాను చెదరగొడుతుంది. గోడ ఫ్యానుని కాళ్ల వైపునుంచి తగిలేలా పెట్టుకుంటే ఇంకా మేలు, ఎందుకంటే సీలింగ్ ఫ్యాను గాలి మంచం కింద ఉండదు, దోమ అక్కడే కాచుకుని ఉంటుంది.

ఇక కిటికీ కాని దారులు. మీ పై అంతస్తుకి డాబా మీదికి వెళ్లే మెట్ల తలుపు ఉంటుంది కదా, బట్టలారేయడానికి వెళ్లి సాయంత్రం అలాగే వదిలేస్తారు. మెట్ల గదిలోంచి ఇల్లంతా దిగిపోతాయి. దానికి మెష్ తలుపు పెట్టకపోయినా పర్లేదు, నాలుగింటికల్లా మూసేయడం అలవాటు చేయండి. బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నం, ఏసీ పైపు కోసం గోడకి వేసిన కన్నం, వంటింటి చిమ్నీ గొట్టం బయటి మూతి, ఈ మూడూ చూడండి. ఏసీ పెట్టించుకుంటే దోమలు రావనుకునేవాళ్ల ఇంట్లో ఆ పైపు చుట్టూ పిడికిలి పట్టేంత కన్నం ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

సెప్టిక్ ట్యాంకు గొట్టం మాత్రం తప్పకుండా చూడండి. రాత్రి కుట్టే క్యూలెక్స్ దోమ మురుగునీటిలో పెరుగుతుంది, దానికి సెప్టిక్ ట్యాంకు కంటే మంచి చోటు లేదు. ట్యాంకు గాలి గొట్టం డాబా మీద నోరు తెరుచుకుని ఉంటే అందులోంచే మీ పై అంతస్తు కిటికీల ముందుకి వచ్చి పడతాయి. మెష్ ముక్కని దాని మూతికి కప్పి రాగి తీగతో బిగించండి. పది నిమిషాల పని, మేస్త్రీ అక్కర్లేదు. ట్యాంకు మూత అంచులు పగిలి ఉంటే సిమెంటు పూయండి.

పగలు కుట్టే చారల దోమ, డెంగీ తెచ్చేది, ఇంట్లోనే పుడుతుంది. కూలర్ తొట్టి, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, మూత లేని ట్యాంకు, ఏదైనా మంచినీళ్లే. ఇంటికి మెష్ ఎంత బాగా వేసినా లోపల పుట్టినదాన్ని అది లోపలే ఉంచుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టే శుక్రవారం డ్రై డే అని ఆశా కార్యకర్తలు చెప్పేది. వారానికోసారి ఆ నీళ్లు పారబోసి, తొట్టి గోడలు కూడా రుద్ది కడగాలి, గుడ్లు గోడకి అంటుకుని ఉంటాయి.

కాయిల్స్, లిక్విడ్ మెషిన్ల గురించి ఎక్కువ చెప్పను. కిటికీలు తెరిచి గాలి ఆడుతుంటే వాటి మందు గదిలో నిలవదు, కిటికీలు మూస్తే ఆ పొగంతా మనమే పీల్చాలి. కిరాణా కొట్లో పేరూ ఊరూ లేని దోమల అగరొత్తులు వస్తున్నాయి, వాటిని కొనకండి. పురుగుమందు ఏదైనా మన దేశంలో రిజిస్టర్ అయి ఉండాలి, ప్యాకెట్ మీద సీఐఆర్ అని ఉన్న రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. లేకపోతే లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

మీ అమ్మగారి మాట కూడా రాశారు, దీపాలు పెట్టే వేళ వీధి తలుపు మూయనివ్వరని, లక్ష్మీదేవి వచ్చే వేళ అని. క్యూలెక్స్ దోమ లోపలికి వచ్చే వేళా సరిగ్గా అదే. ఆవిడతో వాదించకండి, వీధి గుమ్మానికి బయటికి తెరుచుకునే మెష్ తలుపు పెట్టించండి. తలుపు తీసే ఉంటుంది, దీపం వీధిలోకి కనబడుతుంది. దీనికి మాత్రం నాసిరకం పనికిరాదు, రోజుకి వందసార్లు కొట్టుకుంటుంది. మధ్యలో అడ్డకమ్మి, కింద అడుగు ఎత్తున రేకు, దానంతట అదే మూసుకునే స్ప్రింగ్ బందులు ఉండాలి. గడప ఉంది కాబట్టి అడుగు సందు సులువుగా కలుస్తుంది. పైన తోరణం కట్టే కొక్కెం మెష్ తలుపుకి తగలకుండా ముందే చూపించండి, పండగ రోజు గుర్తొస్తే లాభం లేదు.

పిల్లలు ఉంటే ఒక్కటి. మెష్ గ్రిల్లు కాదు. పై అంతస్తు స్లైడింగ్ కిటికీకి గ్రిల్లు లేకుండా మెష్ మాత్రమే ఉంటే, ఆనుకున్న పిల్లవాడి బరువుకి అది బీడింగ్‌తో సహా ఊడిపోతుంది. స్టీలు మెష్ అయినా అంతే. కిటికీ కింద మంచం, కుర్చీ ఉంచకండి, గ్రిల్లు వేయించండి.

డబ్బు ఒక్కసారే పెట్టలేకపోతే వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం పెద్దగా ఖర్చు లేనివి: అద్దాలు సరిగ్గా జరపడం, గొట్టం మూతికి మెష్, డాబా తలుపు, బల్బుల మార్పు. తరవాత పై అంతస్తు బ్రష్‌లు. ఆ తరవాత కింద మీరు పడుకునే గదుల్లో దక్షిణం కిటికీ, దాని ఎదురుది, ఆ గది వెంటిలేటరు, ఈ మూడింటికీ మెష్. వీధి గుమ్మం తలుపు ఆఖర్న. రేటు మాట్లాడేటప్పుడు చదరపు అడుగు లెక్క ఒక్కటే అడగొద్దు. చిన్న కిటికీ అయినా పది అడుగులకి తక్కువ లెక్క కట్టనని కొందరు తరవాత చెబుతారు, మీ వెంటిలేటర్లన్నీ ఆ లెక్కలో పోతాయి. వెంటిలేటర్లకి విడిగా ఒక రేటు ముందే మాట్లాడుకోండి. కొలతలు, పాత కిటికీల మూల కొలతలతో సహా, పెడితే ఏ కిటికీకి ఏ రకం ఫ్రేము సరిపోతుందో చెబుతాను.